ఒక్కసారే అడిగే ఇల్లు

మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళు సగం ఆకలితో వెళ్ళిపోయేవారు. మేం పిసినారులం కాదు, మా అమ్మ వంట తీసిపారేయదగ్గదీ కాదు. మా ఇంట్లో ఏదైనా ఒక్కసారే అడిగేవాళ్ళు. అదీ సంగతి. "ఇంకింత అన్నం పెట్టమంటరా?" అని అమ్మ అడిగేది. అలవాటు కొద్దీ వాళ్ళు "అబ్బే, చాలమ్మా, చాలు" అనేవారు. అమ్మ వెంటనే గిన్నె మీద మూత పెట్టేసేది. వచ్చిన మనిషి చెయ్యి కంచంలో, చూపు గిన్నె మీద పెట్టుకుని ఇంకొక్క పిలుపు కోసం కూర్చునేవాడు. ఆ పిలుపు వచ్చేది కాదు.

ఒకసారి మా మేనత్త గుంటూరు వైపు నుంచి వచ్చి కొన్నాళ్ళుంది. పోయేనాడు సికింద్రాబాద్ స్టేషన్లో నాన్నను పక్కకు పిలిచి, "ఒరేయ్, మీ ఆవిడ మంచిదేరా, కాదనను. కానీ అదేం చోద్యంరా, వద్దంటే నిజంగానే మానేస్తుంది! కడుపు నకనకలాడుతుంటే ఎవరితో చెప్పుకోను?" అంది. నాన్న పడీ పడీ నవ్వాడు. రైలు కదిలేలోపల ఇరానీ హోటల్ నుంచి బన్నులు తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ వద్దంది. మళ్ళీ పెట్టాడు. వద్దు వద్దంటూనే సంచిలో వేసుకుంది.

నాన్న రైల్వే ఆఫీసులో గుమాస్తా. ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి ఇక్కడి పిల్లను చేసుకుని బోయిన్‌పల్లిలో ఉండిపోయాడు. ఆ రోజు ఇంటికొచ్చి అమ్మను ఆటపట్టించాడు. "మా వైపు విస్తట్లో చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోస్తారు తెలుసా? వద్దంటే వడ్డించమని అర్థం."

"గట్లెట్ల? ఆమె నోటితోని ఆమెనే వద్దన్నది గదా. పెద్దమనిషి మాట నమ్మద్దా? మల్ల మల్ల అడిగితే ఆమె అబద్ధమాడుతున్నదన్నట్టు గాదా?" అంది అమ్మ. ఆవిడ వేళాకోళానికి అనలేదు. నిజంగానే నొచ్చుకుంది.

ఈ నమ్మకం అమ్మకు దొరసానమ్మ దగ్గర అబ్బింది. అమ్మకు ఊహ తెలియకముందే వాళ్ళ అమ్మానాన్నలు ప్లేగులో పోయారు. ఎవరో చేతుల మీద తెచ్చి క్రైస్తవ బాలికల బోర్డింగులో అప్పజెప్పారట. ఆ బోర్డింగు చూసుకునే తెల్లావిడే దొరసానమ్మ. పెళ్ళి చేసుకోలేదు. పడుచుతనంలో ఓడెక్కి వచ్చినావిడ మళ్ళీ సీమ మొహం చూడలేదు. అమ్మకు జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ, ఉడుకు పాలల్లో రొట్టె నానబెట్టి తినిపించిందీ, అక్షరాలు దిద్దించిందీ, తెల్ల చీర కట్టించి మా నాన్నకిచ్చి పెళ్ళి చేసిందీ ఆవిడే. పిల్లలందరూ ఆవిడను అమ్మగారూ అనేవారు. మా అమ్మ మాత్రం ఆ మాటలో గారును కాస్త మింగేసి పిలిచేదనిపించేది నాకు.

బోర్డింగు పిల్లలకు ఆవిడ బల్ల దగ్గర మర్యాద నేర్పింది. నోరు మూసుకుని నమలాలి. చెంచా గిన్నెకు తగిలి చప్పుడు కాకూడదు. ఎదుటి మనిషిని ఒక్కసారి అడగాలి, వద్దంటే ఆ మాటను నమ్మాలి, అదే గౌరవం. ఈ చివరి నియమం వెనక ఒక కథ ఉంది, అమ్మ నవ్వుతూ చెప్పేది. దొరసానమ్మ దేశానికి కొత్తగా వచ్చిన రోజుల్లో ఎవరింటికో భోజనానికి వెళితే, కొసరి కొసరి పెట్టి, బతిమాలి పెట్టి, ఒట్టు పెట్టి పెట్టి, ఆవిడ మంచాన పడేలా చేశారట. లేచి తిరగ్గలిగిన రోజునే పిల్లలను కూర్చోబెట్టి ఈ పాఠం చెప్పిందట. మిగతా పిల్లలు సెలవులకు ఇళ్ళకు పోయి ఆ పాఠం మరిచిపోయి వచ్చేవారు. అమ్మకు పోవడానికి ఇల్లు లేదు. పుట్టి బుద్ధెరిగాక అమ్మను కొసరినవాళ్ళు ఎవరూ లేరు. కాబట్టి అమ్మకు ఆ పాఠం వేదవాక్కయి కూర్చుంది.

నాకు బుద్ధి తెలిసేసరికి దొరసానమ్మ పని మానేసి, మా వీధికి రెండు సందుల అవతల గుడి వెనక చిన్న పెంకుటింట్లో ఉండేది. చర్చిని మేం గుడి అనే అనేవాళ్ళం. సీమ నుంచి మద్రాసు బ్యాంకు మీదుగా ఆవిడకు పింఛను వచ్చేది. వంటకు ఒక ముసలాయన ఉండేవాడు. సాయంత్రం నాలుగింటికి గొడుగేసుకుని మా ఇంటికొచ్చి నాకు ఇంగ్లీషు చెప్పేది. తెలుగు మా అమ్మ మాట్లాడినట్టే మాట్లాడేది, కాకపోతే 'ళ' పలికేది కాదు. అంగట్లో ఆకుకూరల వాళ్ళతో "జెర మంచిగ తూకమెయ్యి" అంటుంటే, కొత్తవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారు.

మొదట్లో పాఠం రకరకాలుగా ఉండేది. రంగులు, పక్షులు, రైలు, వాన. ఆ ఏడాది ఎండలు ముదిరేసరికి పాఠమంతా తిండి మీదికి మళ్ళింది. పాఠం వేళ కూడా మారింది. ఎండ తట్టుకోలేకపోతున్నానని చెప్పి, దీపాలు పెట్టే వేళకు, మా పొయ్యి అంటుకునే వేళకు రావడం మొదలుపెట్టింది. మేం దాన్ని అసలు పట్టించుకోలేదు. ముసలివాళ్ళకు ఎండ పడదు కదా అనుకున్నాం.

ఆ ఏడాది సంగతి కొంచెం చెప్పాలి. నిజాం సర్కారుకూ ఇండియా యూనియన్‌కూ చెడింది. అవతలి నుంచి సరుకూ, బ్యాంకుల డబ్బూ రావడం ఆగిపోయింది. ఉప్పుకు కటకట, గాసునూనెకు కటకట, మందులు లేవు. రజాకార్ల భయానికి జనం మూటాముల్లె కట్టుకుని బెజవాడ రైళ్ళెక్కారు. బోర్డింగులో కొత్తగా వచ్చిన తెల్లవాళ్ళూ వెళ్ళిపోయారు. దొరసానమ్మను రమ్మని అడిగారట, రానన్నది. మళ్ళీ అడిగారో లేదో నాకు తెలియదు. ఆవిడ వంట ముసలాయన కొడుకు కోసం బెంగపెట్టుకుని ఊరికి పోయాడు. నాన్న ఉద్యోగం వదిలి కదలలేకపోయాడు కాబట్టి మేమూ ఉన్నాం. మా ఇంట్లో బియ్యం ఆదివారానికి మాత్రమే. మిగతా రోజులు జొన్న రవ్వ ఉడికించిన గటక, అందులోకి చింతకాయ తొక్కు.

అలాంటి రోజుల్లో మా అరుగు మీద కూర్చుని నేను తిండి మాటలు నేర్చుకున్నాను. ఆకలైతే హంగ్రీ. ఇంకా ఎక్కువైతే ఫామిష్డ్. ఇంకా ఎక్కువైతే స్టార్వింగ్.

"గంతకంటే ఎక్కువైతే?" అని అడిగాను.

"గంతకంటే ఎక్కువకు మాట లేదు బిడ్డా. గప్పటికి మాట్లాడ ఓపిక ఉండది" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఉడతలాగా కొరుక్కు తింటే నిబుల్, ఆబగా మెక్కితే గాబుల్, వేడి టీ మెల్లగా తాగితే సిప్, గుటుక్కున మింగితే గల్ప్ అని చెప్పేది. చెబుతూ చేసి చూపించేది. వట్టి వేళ్ళతో రొట్టె ముక్క పట్టుకున్నట్టు పట్టుకుని, అంచు నుంచి కొరికి, కళ్ళు మూసుకుని నమిలి చూపించేది. అంచు ముక్క పేరు క్రస్ట్, రాలిన పొడి క్రంబ్. ఒళ్ళో లేని పొడిని చీర కుచ్చిళ్ళ మీంచి ఏరి నాలుక మీద వేసుకునేది. నాటకాల్లో కూడా అంత బాగా చేసేవాళ్ళను నేను చూడలేదు. మా తమ్ముడు అయితే చప్పట్లు కొట్టేవాడు. వాడికి అప్పటికి సరిగ్గా మాటలు కూడా రావు.

ఇంగ్లీషుకు లేని మాటలు అడిగి ఆవిడను ఇరుకున పెట్టడం నాకు సరదా. నంజుకోవడానికి ఏమంటారని అడిగాను. "మా దేశంల నంజుకునేటందుకు ఏమున్నది, ఉప్పు మిరియాలు తప్ప?" అంది. ఎంగిలికి ఏమంటారు? లేదు. పస్తు? ఫాస్ట్ అని ఉంది, కానీ దాంట్లో దేవుడున్నాడు, దేవుడు లేని పస్తుకు వేరే మాటుంది అని మళ్ళీ స్టార్వింగ్ దగ్గరికే వచ్చింది. ఒకరోజు కొసరి కొసరి వడ్డించడానికి ఏమంటారని అడిగాను.

ఆవిడ వంటింటి గుమ్మం వైపు చూస్తూ, "మాకు గా పని లేదు బిడ్డా. పని లేనప్పుడు మాట యాడికెల్లి వస్తది?" అంది. ఆ తర్వాత, "మంచి పని గది" అంది.

లోపలి నుంచి అమ్మ విని, "సూసినవా? గా తక్లీఫే లేదు వాళ్ళల్ల" అని నాతో గర్వంగా అంది. రెండో మాట అమ్మకు వినిపించిందో లేదో.

పాఠం అయ్యాక అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి అడిగేది. బోర్డింగులో నేర్పినట్టే, ఇంగ్లీషులోనే అడిగేది. ఏమైనా తీసుకుంటారా అమ్మగారూ అని. గొంతు కాస్త తగ్గించి అడిగేది, ఎందుకంటే లోపల ఉన్నది జొన్న గటక. దొరసానికి గటక ఎలా పెట్టడం అని అమ్మకు సిగ్గు. దొరసానమ్మ ప్రతిసారీ, "నో, థాంక్యూ, మై డియర్" అనేది. అమ్మ తల వంచి లోపలికి పోయేది. వద్దన్న మనిషి ముందు తినడం అమర్యాద కాబట్టి, ఆవిడ వెళ్ళేదాకా మాకు కంచాలు పెట్టేది కాదు. ఆవిడ వెంటనే లేచేది కాదు. గొడుగు సర్దుకునేది, చెప్పు సరిచేసుకునేది, నా పలక తీసుకుని ఇంకో మాట రాసేది. మా తమ్ముడు "అమ్మా, ఆకలి" అని రాగం అందుకునేవాడు. అప్పుడు మాత్రం చటుక్కున లేచేది. "పిల్లగానికి పెట్టు ఫస్టు" అని వాడి తల నిమిరి వెళ్ళిపోయేది.

నాన్న ఒకసారి అమ్మతో అననే అన్నాడు. అంతకుముందు చలికాలంలో గుడికి వచ్చే వాళ్ళింట్లో పెళ్ళి భోజనాలప్పుడు ఆయన దొరసానమ్మ బంతిలోనే కూర్చున్నాడట. "విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి మూడుసార్లు వద్దంది. నాలుగోసారికి చెయ్యి తీసి నవ్వుతూ తింది. అచ్చం మా అక్కే అనుకో. ఆవిడ మనకంటే తెలుగుదై పోయింది. ఓ మాటు గట్టిగా అడిగి చూడరాదూ, పాపం బాగా చిక్కిపోయింది."

అమ్మ ఒప్పుకోలేదు. "గది బయటోళ్ళ ముందట. వాళ్ళ మనసు నొప్పియ్యొద్దని తింటది. నా దగ్గర ఆమెకు మొహమాటమేంది? నేను ఆమె పెంచిన బిడ్డను. కావాలంటే అడిగి తింటది. ఆకలైతే అన్నం పెట్టు అని నన్నడగదా?"

పెట్టిన చెయ్యి అడగదు. ఇంతకంటే తెలిసిన సంగతి లోకంలో ఉందా? మా అమ్మకు తప్ప అందరికీ తెలుసు. అమ్మకు ఎందుకు తెలియలేదంటే, ఆవిడకు పెట్టిన చెయ్యి లోకంలో అదొక్కటే. దాన్ని గురించి అలా ఆలోచించడం ఆవిడకు చేతకాలేదు.

అమ్మ అసలు పట్టించుకోలేదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. చిక్కిపోతున్నారేంటని ఆవిడను అడిగింది. ఎండలని చెప్పింది దొరసానమ్మ. వంట ఎవరు చేస్తున్నారని అడిగింది. నేనే, నాకు వచ్చినట్టు, అంది. పింఛను వస్తోందా అని నాన్నే అడిగాడు. "వస్తది, వస్తది, పోస్టు ఆలస్యం" అంది. అది అబద్ధం కూడా కాదు. వస్తుందనే ఆవిడ నమ్మకం. అన్నింటినీ ఒక్కొక్కసారి అడిగారు, ఒక్కొక్కసారి నమ్మారు. మర్యాదలో లోపం లేదు. ఆ మర్యాదను తగలెయ్య.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం బయల్దేరింది. పోలీసు చర్య అని తర్వాత పేరు పెట్టారు. మాకు అప్పుడు తెలిసిందల్లా ఆకాశంలో విమానాల మోత, మూసిన తలుపులు, నాన్న మొహంలో రంగు లేకపోవడం. ఎవరూ గడప దాటలేదు. అమ్మ నన్నూ తమ్ముణ్ణీ మంచం కింద కూర్చోబెట్టి కీర్తనలు పాడించింది. మధ్యలో ఒకటి రెండుసార్లు, "అమ్మగారు ఒక్కరే ఎట్లున్నరో" అంది. నేను చూసొస్తానని నాన్న లేచాడు. వీధి చివర ఏదో పేలిన చప్పుడైంది, అమ్మే ఆయన చొక్కా పట్టుకుని లాగింది.

అంతా సద్దుమణిగిందని తెలిసిన రోజు మధ్యాహ్నం వీధులన్నీ జనంతో నిండిపోయాయి. కంటోన్మెంటు వైపు సైన్యం బండ్లు పోతుంటే పూలు విసిరినవాళ్ళున్నారు. తలుపులు బిగించుకుని లోపల వణికినవాళ్ళూ మా వీధిలోనే ఉన్నారు. ఎవరో బెల్లం పంచారు. అమ్మ ఆదివారం కోసం దాచిన బియ్యం తీసి, ఆ బెల్లం వేసి పరమాన్నం చేసింది. చిన్న గిన్నెలో పెట్టి మూత వేసి, నా చెయ్యి పట్టుకుని దొరసానమ్మ ఇంటికి బయల్దేరింది. దారంతా అమ్మ నవ్వు మొహంతోనే ఉంది. "గివాళ పండుగ రోజు గదా, తింటది" అంది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. దొరసానమ్మ మంచం మీద పడుకుని ఉంది, కళ్ళు మూసుకుని. పిలిస్తే తెరిచింది. మమ్మల్ని చూసి నవ్వింది కానీ లేవలేకపోయింది. అమ్మ నుదురు పట్టుకుని చూసి, నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

పొయ్యి అలికి ముగ్గు పెట్టి ఉంది. ఆ ముగ్గు మీద బూడిద మరక కూడా లేదు. పొయ్యి ఎన్నాళ్ళ నుంచి వెలగలేదో ఎవరు చెప్పగలరు? డబ్బాలన్నీ శుభ్రంగా తోమి గోడవారగా బోర్లించి ఉన్నాయి. కిటికీలో ఒక సాసరు, అందులో వాడేసిన టీ ఆకు మళ్ళీ వాడుకోవడానికి ఎండబెట్టి ఉంది. ఇంకేమీ లేదు. ఆ వంటింట్లో చీమ కూడా లేదు. అమ్మ ఒక డబ్బా తిప్పి చూసింది. ఇంకొకటి తిప్పింది. అన్నీ తిప్పి చూసి, మళ్ళీ దేనికది ఎలా ఉన్నదో అలాగే బోర్లించింది. తర్వాత గోడకు ఆనుకుని కూలబడింది. నోరు తెరుచుకుని ఉంది. అమ్మను అలా చూసి నాకు భయమేసి ఏడ్చాను.

నన్ను ఇంటికి పరుగెత్తించి నాన్నను పిలిపించింది. నాన్న దవాఖానా నుంచి కాంపౌండరును వెంటబెట్టుకొచ్చాడు. ఆయన నాడి చూసి, ఒంట్లో ఏమీ మిగల్లేదన్నాడు. పరమాన్నం వద్దు, పల్చటి జావ చెంచాతో కొంచెం కొంచెంగా పొయ్యమన్నాడు. అమ్మ అక్కడే, ఆ అలికిన పొయ్యిలోనే నిప్పు వేసి జావ కాచింది.

జావ పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. అమ్మ అప్పుడు కూడా ఇంగ్లీషులోనే అడిగింది. దేవుడా, అప్పుడు కూడా. కొంచెం తీసుకుంటారా అమ్మగారూ అంది.

"నో, థాంక్యూ, మై డియర్" అంది దొరసానమ్మ. గొంతు గాలిలా ఉంది.

అమ్మ చెంచా గిన్నెలో పెట్టేసింది. నేను చూస్తూనే ఉన్నాను. చిన్నప్పటి నుంచి అలవాటైన చెయ్యి, తనంతట తానే వెనక్కి వచ్చింది. గిన్నె మీద మూత పెట్టడానికి మూత కూడా అందుకుంది. మూత చేతిలో పట్టుకుని దాన్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత దాన్ని కింద పడేసింది. అది నేల మీద గిరగిరా తిరిగి ఆగింది.

"తినుండ్రి" అంది అమ్మ, తెలుగులో.

"వద్దు బిడ్డా."

"జెర తినుండ్రి అమ్మగారూ. ఒక్క చెంచ."

"వద్దు..."

"మా అమ్మవు గదా. ఒక్కటి తినే. నా మీద ఒట్టు. నా పిల్లల మీద ఒట్టు. నువ్వు తినకుంటే నేను సుత తిన. తినే అమ్మా." గారు అనే మాట పోయింది. మీరు అనే మాట కూడా పోయింది.

దొరసానమ్మ కళ్ళు తెరిచి అమ్మ మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నేను ఇప్పటికి మరిచిపోయి ఉండేదాన్ని. కోపం ఏమీ లేదు. పెళ్ళి విస్తరి ముందు చెయ్యి తీసేటప్పుడు నవ్విందని నాన్న చెప్పాడే, ఆ నవ్వే అయి ఉంటుంది. నోరు తెరిచింది. అమ్మ చెంచాతో పోసింది. మింగడానికి చాలాసేపు పట్టింది.

"ఇంకోపారి అడుగుతవేమో అని చూసిన బిడ్డా" అంది. "రోజు చూసిన."

అమ్మ ఇంకో చెంచా పోసింది. అదీ మింగింది. మూడోది పెదవుల పక్క నుంచి కారిపోయింది. అమ్మ కొంగుతో తుడిచి మళ్ళీ పోసింది, మళ్ళీ తుడిచింది. కాంపౌండరు వచ్చి చెయ్యి పట్టుకుని ఆపేదాకా అలా పోస్తూనే ఉంది.

ఆవిడ ఆ తర్వాత మాట్లాడలేదు. మర్నాడు ఉదయం గుడి గంట కొట్టే వేళకు పోయింది. ఆకలి చివరికి మాట లేదని ఆవిడ అన్నది నిజమే.

సమాధి కార్యక్రమానికి ఎక్కువమంది రాలేకపోయారు. ఊరు ఇంకా తేరుకోలేదు. పాదిరిగారు బన్సీలాల్‌పేట్ నుంచి నడిచి వచ్చి ప్రార్థన చేశారు. అమ్మ ఏడవలేదు. మట్టి వేయమంటే వేసింది, ఇంటికి రమ్మంటే వచ్చింది, కూర్చోమంటే కూర్చుంది. నాన్న ఏదో చెప్పబోతే ఆయన వైపు కూడా చూడలేదు. నాన్న మీద అమ్మకు కోపం లేదు, ఆయన చెప్పింది నిజమైనందుకు ఆయన మొహం చూడలేకపోయిందంతే.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. దొరసానమ్మకు మా ఇల్లే పుట్టిల్లు, అదే అత్తిల్లు. అందుకని పక్కింటావిడ అన్నం పట్టుకొచ్చింది. వాళ్ళు పాడి ఉన్నవాళ్ళు, మా వీధికంతా పాలు పోసేవారు. అమ్మ ఆవిడను వదినా అనేది. వాళ్ళింట్లో కూడా బియ్యం లేవని మాకు తెలుసు. ఎక్కడ సంపాదించిందో, ఇంత తెల్లన్నం, ఇంత పప్పు, పైన వెన్నపూస. మాకు పెట్టి, అమ్మ ముందు కూర్చుని ముద్ద కలిపింది.

"తిను వదినా."

"వద్దు" అంది అమ్మ.

"పొద్దుగాలసంది నోట్ల నీళ్ళు సుత పొయ్యలేదు. తిను."

"నాకొద్దు వదినా. నిజంగనే వద్దు."

"గట్లనే ఉంటది. ఒక్క ముద్ద. నా కోసం తిను. నువ్వు తినేదాక లేస్తనా నేను? ఇగో, నోరు తెరువు" అని అమ్మ గడ్డం పట్టుకుని ముద్ద పెదవుల దగ్గర పెట్టింది. అమ్మ తల తిప్పేసింది. ఆవిడ చెయ్యి కూడా అటే తిరిగింది. అమ్మ మళ్ళీ ఇటు తిప్పింది. చెయ్యి ఇటు వచ్చింది. ఆవిడకు అందులో వింతేమీ లేదు. ప్రతి చావింట్లో, ప్రతి పెళ్ళింట్లో చేసే పనే అది. మా అమ్మకే, అంత వయసు వచ్చాక, జీవితంలో మొదటిసారి ఒకరు కొసరి పెడుతున్నారు.

అమ్మ నోరు తెరిచింది. ముద్ద నోట్లో పడ్డాక ఏడుపు వచ్చింది. అన్నం మింగడానికీ లేక, ఉమ్మడానికీ లేక, ఆ ముద్దతోనే పక్కింటావిడ చేతిని రెండు చేతులా పట్టుకుంది.

"గింతే గదా వదినా" అంది. "గింతే గదా."

పక్కింటావిడకు ఏమీ అర్థం కాలేదు. "గంతేనే, గంతే. ఇంకో ముద్ద తిను" అని ఇంకో ముద్ద కలిపింది.